లేని విశ్రాంతికి హాజరు
(స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)

 

సరుకు ఓడల్లో ఇంజినీరుగా ఇరవై రెండేళ్లు పనిచేశాను. "దేశాలన్నీ చూశావు, అదృష్టవంతుడివి" అంటారు. నేను ఎక్కువగా చూసింది ఇంజిన్ గదినే. అక్కడ వేడి 40 డిగ్రీలు దాటుతుంది. నాలుగు గంటల వాచ్, ఎనిమిది గంటల విరామం, మళ్లీ వాచ్. రేవులో ఆ విరామం కూడా మరమ్మతులకూ తనిఖీలకూ పోతుంది. పనిచోటే ఇల్లు. ఆదివారం లేదు.

2006 నాటి సముద్ర కార్మిక ఒప్పందంలోని విశ్రాంతి లెక్క ప్రకారం రోజుకు కనీసం 10 గంటలు, వారానికి 77 గంటలు విశ్రాంతి ఉండాలి. దానికొక రిజిస్టరు ఉంటుంది.

2020లో కోవిడ్ వల్ల ప్రపంచమంతటా సుమారు నాలుగు లక్షల మంది నావికులు గడువు ముగిసినా ఓడ దిగలేకపోయారు. వారిలో నేనూ ఒకణ్ని. నా తొమ్మిది నెలల కాంట్రాక్టు పద్నాలుగు నెలలైంది. ఐదు గంటలైనా పడుకోని రోజున కూడా రిజిస్టరులో పది గంటలు రాసి సంతకం పెట్టాను. అందరూ అలాగే రాసేవారు. ఇంటికి ఫోను చేయడం మానేశాను. ఎవరు పలకరించినా విసుగే.

ఒక రాత్రి ఇంధనం లీకవుతోందని అలారం మోగింది. మోత ఆపేసి అలాగే కూర్చుండిపోయాను. వేడి గొట్టాల మీద ఇంధనం పడితే ఇంజిన్ గది అంటుకుంటుందని తెలిసి కూడా! ఆయిలరు కుర్రవాడు "సార్, లేవండి" అని నా చేయి పట్టి లాగాడు.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో బర్నౌట్‌ను జబ్బుగా కాక, పనికి సంబంధించిన స్థితిగా గుర్తించింది. శక్తి ఉడిగిపోవడం, పని మీద ఏవగింపు, పని సరిగా చేయలేకపోవడం దాని లక్షణాలు. నాకు మూడూ ఉన్నాయి. నేను మాత్రం బద్ధకమనుకున్నాను.

మర్నాడు ఇంటికి ఫోను చేస్తే అమ్మ, "నిద్రపోతున్నావా నాయనా?" అంది. ఆమెకు పది గంటలని చెప్పలేకపోయాను. ఆ రోజు నుంచి రిజిస్టరులో ఉన్నదే రాశాను. చీఫ్ ఇంజినీరు మొదట కసిరారు. తర్వాత నా పనిలో కొంత ఇంకొకరికి పంచారు.

మన లెక్కల మాస్టారు రానివాడికి ఎన్నడూ హాజరు వేయలేదు. నేను లేని విశ్రాంతికి నెలల తరబడి హాజరు వేశాను. తప్పుడు లెక్క రాసినంతకాలం, మనుషులు చాలడం లేదన్న సంగతి కాగితం మీద ఎవరికీ కనబడదు.

ఈ బడి నుంచి ఓడకో, రిగ్గుకో, గనికో వెళ్లే తమ్ముళ్లూ చెల్లెళ్లూ, నిజం రాయండి. ఇంటి దగ్గరున్న పెద్దలారా, ఎంత పంపుతున్నావని అడిగే ముందు ఎంతసేపు పడుకున్నావని అడగండి.

సెలవు.