బ్రేకు పడ్డాక బండి ఎంత దూరం పోతుంది?

హైదరాబాద్-విజయవాడ హైవే మీద వెయ్యి కిలోల కారు ఒకటి గంటకు 72 కిలోమీటర్ల వేగంతో పోతోందనుకోండి. అంటే సెకనుకు 20 మీటర్లు. దాని గతిజ శక్తి రెండు లక్షల జౌళ్లు. బండి ఆగాలంటే ఆ శక్తి మొత్తం ఖర్చయిపోవాలి.

ఖర్చు పెట్టేది ఘర్షణ. బ్రేకు ప్యాడ్లు తిరిగే డిస్కును రెండు వైపులా పట్టి నొక్కుతాయి, డిస్కు కాగిపోతుంది. కింద రోడ్డు టైరును వెనక్కి లాగుతుంది. పొడి తారు మీద గట్టిగా బ్రేకు వేస్తే ఆ లాగుడు ఇంచుమించు 7,000 న్యూటన్లు. ఈ బలాన్ని ఆగే దూరంతో గుణిస్తే వచ్చే పని, పోయిన గతిజ శక్తికి సమానం. పని-శక్తి సిద్ధాంతం చెప్పేది ఇదే. భాగించి చూస్తే దూరం సుమారు 29 మీటర్లు.

వేగం 108కి పెరిగితే? పెరిగింది ఒకటిన్నర రెట్లే. కానీ శక్తి వేగం వర్గాన్ని బట్టి పెరుగుతుంది, దూరం 64 మీటర్లు దాటుతుంది. 1720ల్లో డచ్ శాస్త్రవేత్త గ్రావెసాండె ఇత్తడి గుండ్లను మెత్తటి బంకమట్టి మీద పడేసి ఈ సంగతే చూపించాడు: వేగం రెట్టింపైతే గుంట నాలుగింతలు.

వాన పడితే మరీ కష్టం. పట్టు 4,000 న్యూటన్లకు తగ్గిందంటే 72 వేగానికే 50 మీటర్లు కావాలి. పైగా ఇదంతా బ్రేకు పడ్డాక. ప్రమాదం కంటపడి కాలు కదిలేలోగా ఒక్క సెకను గడిచినా కారు మరో 20 మీటర్లు దూసుకుపోతుంది. ముందు బండిని ఆనుకుని నడిపేవాళ్లు మరిచిపోయేది ఈ సెకనునే.

ఇక బ్రేకు వేస్తే పోయే గతిజ శక్తి మామూలు కార్లలో వేడిగా వృథా అవుతుంది; విద్యుత్ కార్లు మాత్రం అందులో కొంత బ్యాటరీకి తిరిగి పంపుకుంటాయి.