లెపర్డ్ గెకో తినట్లేదా? కంగారు పడేముందు తోక చూడండి

నేనుండేది డాలస్‌లో. ఇక్కడ లెపర్డ్ గెకోలు పెట్ షాపుల్లో మామూలుగానే దొరుకుతాయి. మా ఇంట్లోనూ ఒకటుంది, పేరు లడ్డు. వీడియో కాల్‌లో మా అమ్మమ్మ ఇప్పటికీ అడుగుతుంది, "అది మీద పడితే ఏం ఫలితం రా?" అని. ఆ భయం లేదు అమ్మమ్మా, దీని వేళ్ల కింద మన బల్లికున్న పట్టు ఉండదు, నున్నటి గోడ ఎక్కలేదు. ఆఫ్ఘనిస్తాన్, పాకిస్తాన్ వైపు రాళ్ల నేలల్లో తిరిగే జీవి ఇది. కనురెప్పలు కూడా ఉంటాయి, కళ్లు మూసుకుని నిద్రపోతుంది.

నన్ను అందరూ అడిగేది ఒకటే: "పది రోజులుగా తినట్లేదు, చచ్చిపోతుందా?" నేను తిరిగి అడిగేది కూడా ఒకటే: తోక ఎలా ఉంది?

ఎందుకంటే ఇది కొవ్వు దాచుకునేది తోకలోనే. ఇంచుమించు మెడంత లావుగా, గుండ్రంగా ఉంటే పర్లేదు. పెద్ద గెకో చలికాలంలోనో, జత కట్టే సీజన్‌లోనో కొన్ని వారాలు సరిగా తినకపోవడం మామూలే. కానీ కంటి అంచనా నమ్మకండి. రోజూ చూసే వాళ్లకి సన్నబడటం కనిపించదు. కిచెన్‌లో వాడే డిజిటల్ త్రాసు మీద ఒక డబ్బాలో పెట్టి వారానికోసారి బరువు చూసి ఫోన్‌లో రాసుకోండి. 60 గ్రాములది 54కి వచ్చిందంటే పది శాతం పోయినట్టే, ఇక ఆగొద్దు, డాక్టర్ దగ్గరికే. పిల్ల గెకో అయితే అంత కూడా ఆగకూడదు, దాని దగ్గర నిల్వ తక్కువ.

తోక సన్నబడుతూ, విరేచనం నీళ్లగా, బాగా వాసనగా వస్తుంటే అసలు భయం అక్కడ. క్రిప్టోస్పోరిడియం అనే పరాన్నజీవి కావచ్చు. దీన్ని పూర్తిగా పోగొట్టే నమ్మకమైన మందు లేదు, ఒకదాన్నుంచి ఇంకోదానికి అంటుకుంటుంది కూడా. మల పరీక్ష చేయించేదాకా దాని గిన్నెలు, పట్టకార్లు వేరే గెకోకి వాడకండి. మలంలో తెల్లటి ముక్క చూసి పురుగు అనుకోకండి, అది గట్టిపడిన మూత్రం, ఉండాల్సిందే.

ఒకరోజు ఒళ్లంతా విభూతి పూసినట్టు తెల్లబడుతుంది. కుబుసం విడవబోతోంది, అంతే. విడిచిన చర్మాన్ని తనే తినేస్తుంది, చూడ్డానికి ఎలా ఉన్నా అది నార్మల్. మీ పని ఆ తర్వాతే: వేళ్లు ఒక్కొక్కటీ చూడండి. పాత చర్మం దారంలా చుట్టుకుని ఉండిపోతే రక్తం ఆగి వేలే ఊడిపోతుంది. వేళ్లు మునిగేంత గోరువెచ్చని నీళ్లలో ఓ పావుగంట నిలబెట్టి, తడి ఇయర్ బడ్‌తో మెల్లగా తీయండి. పొడిగా ఉన్నప్పుడు పీకొద్దు. కంటి మీద ఉండిపోతే మీరు చెయ్యి పెట్టనే వద్దు.

ఇంకోటి ఎముకల జబ్బు. పురుగులకి కాల్షియం, డి3 పొడి అద్దకుండా పెడితే వస్తుంది. నడిచేటప్పుడు పొట్ట నేలకి రాసుకోవడం, కాళ్లు వణకడం, దవడ మెత్తబడటం దీని గుర్తులు. వంగిన ఎముక మళ్లీ తిన్నగా అవ్వదు, మొదట్లోనే పట్టుకుంటే అక్కడితో ఆపొచ్చు. కేజ్‌లో వెచ్చని వైపు నేల 32 డిగ్రీల సెల్సియస్ దాకా ఉందో లేదో కూడా థర్మామీటర్ పెట్టి చూడండి. వేడి చాలకపోతే తిన్నది అరగదు.

నోరు తెరిచి ఊపిరి తీస్తున్నా, ముక్కులో బుడగలు వస్తున్నా, తోక మొదట్లో కింద గులాబీ రంగు కండ బయటికి వచ్చినా అదే రోజు వెళ్లాలి. ఆ కండని తడి గుడ్డతో ఆరకుండా ఉంచండి. ఆడదైతే మగది లేకపోయినా గుడ్లు పెడుతుంది. రోజుల తరబడి తవ్వుతూ, గుడ్డు రాక నీరసపడితే అదీ అర్జెంటే.

కుక్కల్ని చూసే ప్రతి డాక్టరూ వీటిని చూడరు. సరీసృపాలు చూసే వాళ్ల నంబర్ ఇప్పుడే వెతికి సేవ్ చేసుకోండి. వెళ్లేటప్పుడు బరువుల లిస్టు, కేజ్ ఫోటో, జిప్ కవర్‌లో తాజా మలం పట్టుకెళ్లండి. ఆ కవర్ ఫ్రిజ్‌లో పెట్టాల్సి వస్తే, మీ అమ్మకి ముందే చెప్పండి ప్లీజ్.