తలకు అర ఎకరము

(గ్రామ పంచాయతీ సభ్యుల శిక్షణ తరగతిలో చేసిన ప్రసంగ పాఠము)



ప్రజాసేవ అను మాట మన సభలలో తరచుగా వినబడును. ఎన్నికలప్పుడును, పూలదండలు వేయునప్పుడును, సన్మాన పత్రములు చదువునప్పుడును దానిని ధారాళముగా వాడుచుందుము. ఇట్లు వాడివాడి దాని పదును కొంత పోయినది. కావున నేడు ఆ మాటకు నేను నిర్వచనము చెప్పబోను. ఒక మనుష్యుడు, ఒక తాలూకా, ముప్పది సంవత్సరములు: వీనిని గూర్చి మాత్రమే మీకు మనవి చేసెదను.

మహారాష్ట్రమున పూనా జిల్లాలో పురందర మను తాలూకా కలదు. సాస్వడ్ దాని ముఖ్యపట్టణము. 1665లో శివాజీకిని మొగలాయి సేనాని జయసింగునకును సంధి జరిగిన పురందర దుర్గము అచ్చటిదే. ఖండోబా వెలసిన జెజూరియు అచ్చటిదే. చరిత్రకు కొదువ లేదు. కొదువ యంతయు నీటికే. పడమటి సముద్రమునుండి వచ్చు మేఘములు సహ్యాద్రి కొండల నెక్కునపుడే తమ భారమును చాలవరకు దించుకొనును. కొండలకు తూర్పున నున్న ఈ నేలకు మిగిలిన జల్లు మాత్రమే దక్కును. ఏడాదికి సుమారు 500 మిల్లీమీటర్ల వర్షము. అదియైనను కొద్ది వానలుగా పడి వాగులవెంట పారిపోవును. అనంతపురమునుండి వచ్చిన సభ్యులకు ఈ సంగతి వేరుగ వివరింప నక్కర లేదు. జొన్నయో సజ్జయో వేసి ఆకాశమువంక చూచుట, వాన తప్పినచో పట్నమునకు కూలికి పోవుట: ఇదియే అచ్చటి బ్రదుకు.

1972లో మహారాష్ట్రమును ఘోరమైన కరువు పట్టినది. లక్షలాది జనము కరువు పనులకు వచ్చి రోడ్లు వేసిరి, కంకర కొట్టిరి. ఆ పనులను చూడబోయిన వారిలో విలాసరావు సాలుంఖే గారొకరు. ఆయన ఇంజనీరు, పూనాలో స్వంత కర్మాగారము నడుపుకొనుచుండినవారు. ఎండలో కంకర కొట్టుచున్న జనమును చూచి ఆయనకు జాలి కలిగియే యుండును. కాని ఆయనను వదలని ప్రశ్న జాలికి సంబంధించినది కాదు, లెక్కకు సంబంధించినది. ఇంతమంది చేతులు ఇన్ని నెలలు శ్రమించిన పిమ్మట ఆ యూరికి మిగులున దేమి? కంకర కుప్ప. మరల వాన తప్పినచో మరల ఇదే కుప్ప. ఈ చేతులే గట్లు వేసి, కుంటలు త్రవ్వి, పడిన వానను ఊరిలోనే ఆపినయెడల కరువు పనియే కరువును తగ్గించు పని యగును గదా! ఆ దినములలోనే మహారాష్ట్ర ప్రభుత్వము ఉపాధి హామీ పథకమునకు శ్రీకారము చుట్టినది. 2005లో దేశమున కంతటికిని వచ్చిన చట్టమునకు అది తాత వంటిది.

ప్రశ్న వేయుట సులభము. మావంటి వారము ఒక వ్యాసము వ్రాసి, దానిని అచ్చులో చూచుకొని తృప్తిపడుదుము. సాలుంఖే గారు 1974లో ఆ తాలూకాలోని నాయిగాఁవ్ గ్రామమున ఒక దేవాలయ ట్రస్టునకు చెందిన 40 ఎకరముల బీడును ఏబది సంవత్సరముల కౌలుకు తీసికొనిరి. రాళ్లు తేలిన వాలు నేల అది. భార్య కల్పనాతాయి గారితో కూడ అచ్చటికే పోయి పని మొదలు పెట్టిరి.

ఆయన చేసిన పనిలో మనకు తెలియనిది ఏదియు లేదు. వాలున కడ్డముగా గట్లు వేయించిరి. దిగువన ఊటకుంట కట్టించిరి. కుంట క్రింద బావి త్రవ్వించి, ఊరిన నీటిని మరల ఎగువకు తోడించిరి. చెట్లు నాటించిరి. ఇంతే. అయినను లెక్క చూడుడు. ఒక ఎకరముపై 500 మిల్లీమీటర్ల వాన కురిసిన సుమారు 20 లక్షల లీటర్ల నీరు. 40 ఎకరములపై 8 కోట్ల లీటర్లు. అందులో నాలుగవ వంతు నిలిపినను 2 కోట్ల లీటర్లు! కరువు సీమ యని మనము పిలుచు నేలమీదనే ఇంత నీరు ప్రతి యేటను పడి పోవుచున్నది.

బీడు పచ్చబడినది. చుట్టుప్రక్కల వారు వచ్చి చూచిరి. పిమ్మట రాళేగణ్ సిద్ధికి పేరు తెచ్చిన అన్నా హజారే గారును ఈ పని చూచిపోయి తమ గ్రామమున అనుసరించినవారే. కథ ఇంతటితో ముగిసియున్నచో సాలుంఖే గారు మంచి రైతుగా మిగిలియుందురు. నేను ఆయనను గూర్చి మీ యెదుట మాటలాడుట కవసరము లేకపోవును. నీరు నిలిచిన తరువాతనే అసలు చిక్కు ఎదురగును. ఆ నీరు ఎవరిది?

మీ గ్రామములలో ఒక ఎత్తిపోతల పథకము వచ్చిన దనుకొనుడు. నీరెవరికి ముట్టును? భూమి యున్నవారికి. ఎంత ముట్టును? భూమి యెంత యున్న నంత. పది ఎకరముల ఆసామికి పది ఎకరముల నీరు, ఎకరము వానికి ఎకరపు నీరు, కుంట త్రవ్విన కూలివానికి ఆ దినపు కూలి. దీనిని అన్యాయ మని ఎవరును అనరు, ఆచార మందురు. సాలుంఖే గారు ఈ ఆచారమునే మార్చదలచిరి. ఊరిలో పడిన వాన ఊరందరిది గనుక, నీటిని పొలమునుబట్టి గాక తలలనుబట్టి పంచవలె నని ఆయన పెట్టిన నియమము. ఈ కట్టుబాటునకే పానీ పంచాయత్ అని పేరు వచ్చినది. ఇది మన చట్టబద్ధమైన గ్రామ పంచాయతీ కాదు. నీటికొరకు ఏర్పడిన రైతుల సంఘము. దానికి అండగా గ్రామ గౌరవ ప్రతిష్ఠాన్ అను సంస్థను సాలుంఖే గారు స్థాపించిరి.

నియమము లిట్టివి. విడివిడిగా ఏ రైతునకును పథకము లేదు. గుంపుగా వచ్చిన వారికే. ఇంటిలో తలకు అర ఎకరపు నీరు. ఇంటి మొత్తమునకు రెండున్నర ఎకరములకు మించరాదు. నీటి హక్కు భూమిని అంటియుండదు. భూమి నమ్ముకొన్నచో నీటివంతు సంఘమునకే తిరిగి వచ్చును. భూమి లేని వారికిని వంతు కలదు. చెరకు, అరటి వంటి అధికముగా నీరు త్రాగు పైరులు వేయరాదు.

మాటవరుసకు చూతము. ఒక ఆసామికి 20 ఎకరములు, ఇంటిలో నలుగురు. ఆయనకు రెండెకరముల నీరు. తక్కిన 18 ఎకరములు వానకే విడువవలెను. ఆయన పొరుగువానికి మూడెకరములు, ఇంటిలో ఐదుగురు. ఆయనకు రెండున్నర. ఊరిచివర గుడిసెలో ముగ్గురున్న కుటుంబమునకు సెంటు భూమి లేదు. అయినను ఒకటిన్నర ఎకరపు నీరు వారిది. దానితో వారు మరియొకరి మెట్టను పాలుకో కౌలుకో తీసికొని సాగు చేసికొందురు. నిన్నటివరకు ఆసామి యింటి వాకిట పని కడుగుకొనిన వాడు నేడు తన నీటితో బేరమాడును. ఇరువది ఎకరముల ఆసామికి ఇది రుచించునా? ఒప్పించుట యనగా సభ పెట్టి ప్రసంగించుట కాదు; రాత్రులు అరుగులమీద కూర్చుండి అవే మాటలు నూరుమార్లు చెప్పుట. పథకములు కట్టుటకంటె ఇదియే కష్టమైన పని యని నా తలంపు.

చెరకు సంగతి యొకటి చెప్పవలెను. మహారాష్ట్రమున చెరకు ఉత్త పైరు కాదు, అది పలుకుబడి. తలకు వచ్చు నీటివంతు సుమారు 10 లక్షల లీటర్లు. దక్కను నేలమీద ఎకరము చెరకు పండించుటకు సుమారు 80 లక్షల లీటర్లు కావలెను. అనగా ఒక్క ఎకరపు చెరకు ఎనిమిదిమంది వంతును త్రాగివేయును. జొన్న, గోధుమ, పప్పుధాన్యములు, కూరగాయలు వేసినచో ఆ నీటితోనే ఎనిమిదిమందికి గ్రాసము. నిషేధమునకు కారణ మిదియే గాని చెరకుపై పగ కాదు.

పెట్టుబడి సంగతియు వినుడు. ఖర్చులో 20 వంతులు లబ్ధి పొందువారు ముందుగా చెల్లించవలెను. ప్రభుత్వ సహాయము 50 వంతులు. తక్కిన 30 వంతులు ప్రతిష్ఠాన్ వారు వడ్డీ లేని అప్పుగా నిచ్చెడివారు. ఇరువది వంతులు ఇండ్లలోని డబ్బు గనుక, మోటారు చెడినపుడు ఎవరో వచ్చి బాగుచేయుదురని ఎవరును కూర్చుండలేదు. మన శాఖవారు ఉచితముగా కట్టించి యిచ్చిన ఎన్ని పంపులు త్రుప్పు పట్టినవో మీకును తెలియును, నాకును తెలియును. ప్రచార శాఖ ఉద్యోగిని గనుక ఇంతకంటె చెప్పను.

నీరు వంతులవారీగా వదలుటకు సంఘమువారు ఒక మనిషిని నియమింతురు. అచ్చట పాట్‌కరీ యందురు. మన రాయలసీమలో నీరుగంటి, తెలంగాణమున నీరటికాడు చేసిన పనియే అది. గొలుసుకట్టు చెరువుల కాలమునుండి మనకున్న వ్యవస్థ. కొన్ని గ్రామములలో నీరుగంటి పనిని భూమి లేని వారికే అప్పగించెడివారు. తనకు పొలము లేనివాడు ఎవరి పొలమువైపును మొగ్గడని పెద్దల యెత్తుగడ.

పథకములు ఒకదానివెంట ఒకటి పెరిగి 1980 దశకములో సుమారు ఏబదికి వచ్చినవి. అవి అన్నియు నిలిచిన వని చెప్పుట సత్యము కాదు. కొన్ని యింకిపోయిన బావులచేతను, కొన్ని కరెంటు చిక్కులచేతను, కొన్ని సభ్యుల తగవులచేతను మూతపడినవి. సాలుంఖే గారు నమ్మిన సూత్రమునకు చట్టములలోను చోటు దొరకలేదు. మన సంగతియే చూడుడు. 1997లో ఆంధ్రప్రదేశమున వచ్చిన సాగునీటి వ్యవస్థల రైతాంగ యాజమాన్య చట్టము దేశమునకే మార్గదర్శి యని పేరు పొందినది. దానిచేత ఏర్పడిన నీటి వినియోగదారుల సంఘములలో వోటు ఆయకట్టు భూమి గలవారికే. కాలువ పూడిక తీసినవాని చేతిలో పార యున్నది, వోటు లేదు.

2002లో సాలుంఖే గారు పరమపదించిరి. బావులు, బోర్లు, చెట్ల రక్షణకొరకు మన ఆంధ్రప్రదేశమున నీరు, భూమి, చెట్ల చట్టము వచ్చినదియు ఆ సంవత్సరముననే. ప్రతిష్ఠాన్ పనిని కల్పనాతాయి గారు భుజమున కెత్తుకొనిరి.

ఇది యంతయు ఒక స్వచ్ఛంద సేవకుని గాథ గదా, మాకేమి సంబంధ మని మీరడుగవచ్చును. రాజ్యాంగపు 73వ సవరణ 1993లో అమలునకు వచ్చినది. దానితో చేరిన పదునొకండవ షెడ్యూలులో పంచాయతీలకు అప్పగింపదగిన 29 విషయములు కలవు. అందు మూడవది చిన్న నీటివనరులు, నీటి యాజమాన్యము, పరీవాహక ప్రాంతాభివృద్ధి. సాలుంఖే గారి చేతిలో ఏ షెడ్యూలును లేదు. ఉన్నది నలుబది ఎకరముల కౌలు కాగితము.

తలకు అర ఎకరము అను నియమమును ఉన్నదున్నట్లుగా మీ గ్రామములలో పెట్టుడని నేను చెప్పజాలను. వరి పండు డెల్టా గ్రామమునకు ఆ లెక్క కుదరదు. బోర్లు ఎవరి పొలములో వారివిగా నున్న చోట మరింత కష్టము. కాని పూడిక తీసిన చెరువునీటిలోనో, క్రొత్తగా కట్టిన ఊటకుంటలోనో భూమి లేని కుటుంబమునకు ఏదో యొక వంతు, చేపలలో గాని, గట్టుమీది పండ్లచెట్లలో గాని, కూరగాయల మడిలో గాని, తీర్మానపూర్వకముగా నిచ్చుటకు గ్రామసభకు ఎవరి అనుమతియు నక్కర లేని సందర్భములు కలవు. ఏవి యెట్టివో మధ్యాహ్నము విస్తరణాధికారి గారు వివరింతురు.

మీలో చాలమంది గ్రామపటములను వెంట తెచ్చియున్నారు. భోజనమునకు ముందు ఇంకను అరగంట వ్యవధి యున్నది. పటములను బల్లపై పరచుడు. మీ యూరిలో వాన నీరు ఏ వైపునుండి దిగి ఏ వాగున పడుచున్నదో మొదట గీత గీయుదము. ఆ గీత ప్రక్కన ఎవరి యిండ్లున్నవో తరువాత వ్రాయుదము.