కువైట్ ప్రయాణం - ఒప్పంద పత్రం
(మడివాళలో జరిగిన సమాఖ్య వార్షికోత్సవ సభలో ప్రసంగ పాఠం)



మన సభల్లో ఎప్పుడూ నూలు ధర, పట్టు ధర, మరమగ్గాల పోటీ గురించే మాట్లాడుకుంటాం. మడివాళలో, సిల్క్ బోర్డు పక్కన కూర్చుని పట్టు మాట ఎత్తకపోతే ఎలా అని మీరు అడగొచ్చు. అయినా ఈసారి మేము ఎత్తుకున్న సంగతి వేరు. మన ఇళ్ళ నుంచి కువైట్‌కు ఇంటి పనికి పోతున్న ఆడవాళ్ళ సంగతి.

రాజంపేట, రాయచోటి వైపు కువైట్ ప్రయాణం కొత్తది కాదు. మాధవరం, పుల్లంపేట లాంటి నేత ఊళ్ళున్నదీ ఆ వైపే. బెంగళూరులో విమానం ఎక్కేవాళ్ళు ముందురోజు ఇక్కడి బంధువుల ఇళ్ళలోనే దిగుతారు.

నేత ఇంట్లో ఆడమనిషి పనికి లెక్క ఉండదు. కండెలు చుట్టేది, అచ్చు అతికేటప్పుడు పోగు అందించేది ఆమే. కూలి మాత్రం చీరకు ఒక్కటే, అదీ మగ్గం మీద కూర్చున్న ఆయన పేరున. అప్పు పెరిగాక, నెలనెలా జీతం వస్తుందని ఆమె ఖాదిం వీసా మీద పోతుంది. ఆమె పోయిన తర్వాత కండెలకు మనిషిని పెట్టుకోవాల్సి వస్తే అప్పుడు తెలుస్తుంది ఆ పని ఖరీదు. కొన్ని ఇళ్ళలో మగ్గమే ఆగిపోతుంది. పోవద్దని చెప్పే హక్కు మాకు లేదు, చెప్పము కూడా. పోయేవాళ్ళు సరైన కాగితం మీద పోవాలన్నదే మా మాట.

దేశాల మధ్య ఒప్పందాలు మన గడప దాకా వస్తాయా అంటారు. కొన్ని రావు. వలస కార్మికుల హక్కుల మీద ఐక్యరాజ్యసమితి 1990లో చేసిన ఒడంబడికలో మన దేశమూ చేరలేదు, గల్ఫ్ దేశాలూ చేరలేదు. అయితే కువైట్ 2015లో ఇంటి పనివాళ్ళ కోసమే 68వ నంబరు చట్టం చేసింది. రోజుకు 12 గంటలకు మించి పని చేయించకూడదు, మధ్యలో విశ్రాంతి ఇవ్వాలి, వారానికి ఒకరోజు సెలవు ఇవ్వాలి, ఆమె ఒప్పుకోకుండా పాస్‌పోర్టు తమ దగ్గర పెట్టుకోకూడదు. తర్వాత 2021 జూన్ 10న మన దేశమూ కువైట్ ఇంటి పనివాళ్ళ మీద అవగాహన ఒప్పందం రాసుకున్నాయి. యజమాని, పనిమనిషి ఇద్దరి హక్కులూ బాధ్యతలూ రాసిన పత్రం ఉండాలి, 24 గంటలూ సాయం దొరకాలి, రెండు ప్రభుత్వాల ఉమ్మడి కమిటీ చూసుకోవాలి అన్నది దాని సారం.

రాసుకున్నంత బాగా అక్కడ జరగడం లేదు. పని నాలుగు గోడల మధ్య, చూసేవాడు లేడు. పాస్‌పోర్టు లాక్కునేవాళ్ళు ఇప్పటికీ ఉన్నారు. అయినా ఎంబసీ గడప తొక్కిన రోజు ఆమె చేతిలో చూపించుకోడానికి ఉండేది ఆ పత్రమే.

ఆ పత్రం ఎలా వస్తుందన్నదే అసలు సంగతి. పదో తరగతి పాసు కానివాళ్ళ పాస్‌పోర్టు మామూలుగా ఈసీఆర్ రకం. వాళ్ళు కువైట్‌తో కలిపి 18 దేశాలకు పనికి పోవాలంటే ఈ-మైగ్రేట్‌లో నమోదై అనుమతి తీసుకోవాలి. ఇంటి పనికి పోయే ఆడవాళ్ళకు 30 ఏళ్ళు నిండాలి. వాళ్ళను పంపడానికి ఆంధ్రప్రదేశ్‌లో ఓంక్యాప్ లాంటి ప్రభుత్వ సంస్థలున్నాయి. అనుమతితో పాటే ప్రవాసీ భారతీయ బీమా వస్తుంది: రెండేళ్ళకు 275 రూపాయలు, మూడేళ్ళకు 375. ప్రమాదంలో పోయినా, శాశ్వతంగా అవిటితనం వచ్చినా 10 లక్షలు.

ఊళ్ళో ఏజెంటు ఏమంటాడు? "అదంతా లేటు అక్కా, విజిట్ వీసా మీద పో, అక్కడికి పోయాక మార్పిస్తాం." ఆ మాట నమ్మి పోతే నమోదు లేదు, బీమా లేదు, ఒప్పంద పత్రం లేదు. రెండు ప్రభుత్వాలు పడుగు వేసిపెట్టినా పేక పడనట్టే.

డ్రైవరు పనికో, కట్టడం పనికో పోయే మగవాళ్ళూ ఒకటి గుర్తుపెట్టుకోండి. రిజిస్టరైన ఏజెంటు తీసుకోవాల్సింది 30,000 రూపాయలు, దానిమీద జీఎస్టీ. రసీదు లేకుండా లక్ష అడిగాడంటే వాడి దగ్గర కూర్చోనే వద్దు.

సమాఖ్య ఆఫీసులో ఇకమీదట ఆదివారాలు దీనికోసం మన పిల్లలు ఇద్దరు కూర్చుంటారు. ఏజెంటు రిజిస్ట్రేషన్ నంబరు తెస్తే ఈ-మైగ్రేట్‌లో చూసి చెబుతారు. పాస్‌పోర్టు, వీసా, ఒప్పంద పత్రం జిరాక్సులు ఇంట్లో ఒకటి, ఆఫీసులో ఒకటి పెట్టండి. ప్రభుత్వ సహాయ కేంద్రం నంబరు 1800 11 3090, ఇంట్లో వాళ్ళ ఫోన్లలో కూడా ఎక్కించండి. అడ్వాన్సు కట్టక ముందే రండి. టికెట్ చేతికొచ్చి, పెట్టె సర్దుకుని మడివాళలో బస్సు దిగాక వస్తే మేము చేయగలిగింది తక్కువ.