విశ్వాసముతోడి ప్రార్థన

ప్రార్థించిన వెంటనే ఫలము గానక ధైర్యము విడుచువారు మనలో పెక్కండ్రు. నేనును అట్టివాఁడనే. అప్పుడెల్ల ఒంగోలు ప్రార్థనకొండను తలఁచుకొందును.

1854 జనవరి 1వ తేది ప్రాతఃకాలమున జ్యూయెట్ దొరగారును, ఆయన భార్యయు, ముగ్గురు తెలుఁగు క్రైస్తవులును ఆ కొండ నెక్కి, ఒంగోలునకొక బోధకుని పంపుమని దేవుని వేడిరి. క్లౌ దొరగారు అచ్చట కాపురము పెట్టినది 1866లో. నడుమ పండ్రెండేండ్లు గడచెను.

1876-78 కరవులో క్లౌగారు బకింగ్‌హాం కాలువపనియందు వేలమందికి కూలి కల్పించిరి. అన్నమునకై మతము పుచ్చుకొనిరను మాట రాకుండ, ఆ దినములలో బాప్తిస్మము నాపిరి. ఆ సహాయము ముగిసినపిదపను జనులు మరలిపోలేదు. 1878 జూలై 3న వెల్లంపల్లికడ గుండ్లకమ్మలో 2,222 మంది బాప్తిస్మము పొందిరి.

ప్రత్తి విత్తిన రైతు మఱునాఁడే మన్ను త్రవ్వి చూడఁడుగదా! మనమును అట్లే నమ్మి కనిపెట్టుదము.