సరిహద్దు దాటని సర్టిఫికెట్

బీదరు జిల్లాలో తెలుగు మాట్లాడేవారికి జహీరాబాదు, నారాయణఖేడ్ పరాయి ఊళ్లు కావు. పిల్లనిచ్చిన ఊళ్లు, పిల్లను తెచ్చుకున్న ఊళ్లు. 1956 నవంబరు దాకా ఇవన్నీ హైదరాబాదు రాష్ట్రంలో ఒకే బీదరు జిల్లా కింద ఉండేవి. రాష్ట్రాల పునర్విభజనలో బీదరు, భాల్కి, హుమ్నాబాదు మైసూరు రాష్ట్రంలో కలిశాయి. జహీరాబాదు, నారాయణఖేడ్ ఆంధ్రప్రదేశ్‌కు పోయాయి; ఇప్పుడవి తెలంగాణలో ఉన్నాయి. ఆ గీత వియ్యాలను ఆపలేదు. కాని మాల, మాదిగ ఇళ్లలో ఒక చిక్కు మిగిల్చింది.

జహీరాబాదు పక్క ఊరి మాదిగ కుటుంబంలో చదువుకున్న పిల్ల బీదరుకు కోడలుగా వచ్చిందనుకోండి. పుట్టింటివారూ షెడ్యూల్డు కులమే, మెట్టినింటివారూ షెడ్యూల్డు కులమే. మాదిగ పేరు రెండు రాష్ట్రాల జాబితాల్లోనూ ఉంది. అయినా కర్ణాటక ప్రభుత్వ ఉద్యోగానికి ఆమె దరఖాస్తు పెడితే రిజర్వేషన్ వర్తించదు.

రాజ్యాంగం 341వ అధికరణం కింద వచ్చిన జాబితాలు ఏ రాష్ట్రానికి ఆ రాష్ట్రానివి. తెనాలిలో పుట్టి, తండ్రి ఉద్యోగరీత్యా చిన్నతనంలోనే బొంబాయి చేరిన ఒక విద్యార్థి మెడికల్ సీటు కోసం తెచ్చిన కేసులో 1990లో సుప్రీంకోర్టు ఈ మాటే చెప్పింది. ఆ కేసు షెడ్యూల్డు తెగకు సంబంధించినది. సూత్రం కులాలకూ అదే. 2018లో మరో కేసు వచ్చింది. పంజాబు నుంచి ఉత్తరాఖండ్‌కు కోడలుగా వెళ్లిన వాల్మీకి కులపు స్త్రీది అది. ఆ కులం రెండుచోట్లా జాబితాలో ఉన్నా, వలస వచ్చినవారికి వర్తించదని తీర్పు.

ఒక్కొక్క ప్రాంతంలో వెనుకబాటు ఒక్కొక్క రకం, బయటివారు వస్తే స్థానికుల వాటా తగ్గుతుంది అన్నది కోర్టు వాదన. తెనాలికీ బొంబాయికీ అది సబబే కావచ్చు. జహీరాబాదు నుంచి బీదరు సుమారు 30 కిలోమీటర్లు! ఒకే జిల్లాగా బతికిన ఊళ్ల మధ్య వెనుకబాటు ఎలా మారుతుందో నాకు బోధపడదు. బావి దగ్గర దూరంగా నిలబెట్టేవాడు, గుడి గడప దగ్గర ఆపేవాడు మీ సర్టిఫికెట్ ఏ తహసీల్దారు ఇచ్చాడని అడగడు కదా. అవమానానికి లేని సరిహద్దు ఆసరాకు వచ్చింది.

అయితే అన్నీ పోవు. పిల్లలకు తండ్రి కులమూ, తండ్రి రాష్ట్రమూ వస్తాయి గనుక వారికి చిక్కు లేదు. దేశమంతటికీ కలిపి జరిగే కేంద్ర ప్రభుత్వ నియామకాల్లో కోడలికి రిజర్వేషన్ ఉంటుంది. అంటరానితనం పాటించినవారిమీద 1955 నాటి పౌరహక్కుల రక్షణ చట్టం కింద ఫిర్యాదు చేయడానికి ఆమె ఏ రాష్ట్రంలో పుట్టిందన్నది అడ్డు కాదు.

అందుచేత పెళ్లినాడు పెట్టెలో చీరలతోపాటు పుట్టింటి కులం సర్టిఫికెట్, తండ్రి సర్టిఫికెట్ నకలు, బడి టి.సి. కూడా పెట్టి పంపండి. తరవాత వాటికోసం తిరగడం ఎంత కష్టమో తిరిగినవారికి తెలుసు.