సల్యూత్-7లో వంటింటి ఏప్రను
(ప్రసంగ పాఠం)



ఆకాశంలో సగం మనదని నినాదాలిస్తాం కదా. ఆ ఆకాశంలోకి నిజంగానే వెళ్లిన ఒక స్త్రీకి దొరికిన స్వాగతం గురించి చెప్తాను.

1982 ఆగస్టు 19న సోవియట్ వ్యోమగామి స్వెత్లానా సవిత్‌స్కయా ఇద్దరు పురుషులతో కలిసి సోయుజ్ టి-7లో సల్యూత్-7 కేంద్రానికి బయలుదేరింది. అంతకు ముందు అంతరిక్షం చూసిన స్త్రీ తెరిష్కోవా ఒక్కతే, 1963లో. మధ్యలో 19 ఏళ్లు! సవిత్‌స్కయా ప్రచారం కోసం ఎక్కించిన మనిషి కాదు. టెస్ట్ పైలట్. 1970లో విమాన విన్యాసాల్లో ప్రపంచ విజేత. అలాంటి మనిషి కేంద్రంలోకి అడుగుపెట్టగానే, అప్పటికి మూడు నెలలుగా అక్కడున్న మగ సిబ్బంది ఇచ్చిన కానుక ఏమిటో తెలుసా? వంటింటి ఏప్రను. ఇక పని మొదలుపెట్టమని చమత్కారం!

"సరదాకి అన్నారు లెండి" అంటారు. నిజమే, సరదాకే. కానీ ఆ మాటకి నవ్వు రావాలంటే వంట ఎవరి పనో అందరికీ ముందే తెలిసుండాలి. రాజ్యాంగంలో సమానత్వం రాసుకున్న దేశం అది. వస్తువులన్నీ గాలిలో తేలే చోట కూడా ఇంటి చాకిరీ ఆమె మీదే వాలింది. నాకు డాక్టరేటు వచ్చిన కొత్తలో ఒక సెమినార్లో పత్రం చదివి దిగుతుంటే, "టీలు అందరికీ అందాయో లేదో చూడమ్మా" అన్నారొక పెద్దాయన. ఎంతో ఆప్యాయంగానే అన్నారు.

సవిత్‌స్కయా 1984 జూలైలో మళ్లీ అదే కేంద్రానికి వెళ్లింది. జూలై 25న బయటికొచ్చి మూడున్నర గంటలు లోహాన్ని కోసింది, వెల్డింగ్ చేసింది. అంతరిక్షంలో నడిచిన తొలి స్త్రీ ఆమే. ఆ ఏప్రిల్లో మన రాకేశ్ శర్మ వెళ్లింది కూడా ఆ కేంద్రానికే.

హాస్యం సంగతి వదిలేసినా, అర్హత సంగతి వదలకూడదు. 1962లో అమెరికా చట్టసభ ఉపసంఘం ముందు జెర్రీ కాబ్ అనే పైలట్ తన వాదన వినిపించింది. వైద్య పరీక్షల్లో నెగ్గిన మనిషి. వ్యోమగామికి జెట్ టెస్ట్ పైలట్ అనుభవం ఉండాలన్నారు. ఆ శిక్షణలోకి స్త్రీలను రానిచ్చేవారే కాదు! 2019 మార్చిలో అంతర్జాతీయ కేంద్రం బయట ఇద్దరు స్త్రీల నడక ఆగిపోయింది. ఇద్దరికీ సరిపోయే సైజు పైకవచం ఒక్కటే సిద్ధంగా ఉంది మరి. ఆ నడక అక్టోబరులో గానీ జరగలేదు.

మన గగన్‌యాన్‌కి 2024 ఫిబ్రవరిలో నాలుగు పేర్లు ప్రకటించారు. నలుగురూ వైమానిక దళం టెస్ట్ పైలట్లే, నలుగురూ పురుషులే. వాళ్ల ప్రతిభను నేను శంకించడం లేదు. మన దళంలో స్త్రీలు యుద్ధ విమానాల పైలట్లయింది 2016లో. టెస్ట్ పైలట్ కావాలంటే ఏళ్ల అనుభవం కావాలి. 1962 నాటి షరతు మన దగ్గర ఇంకా ఎవరెవరిని ఆపుతోంది? దీని మీద మీరు మాట్లాడాలి. వెనక వరుసలో ఆ అమ్మాయి ఇందాకటి నుంచీ చెయ్యెత్తే ఉంది, ముందు ఆమెను అడగనివ్వండి.